ఇద్దరికీ తెల్లవారుజామునే డ్యూటీ, ఏడో తరగతి పాప బడికి ఎలా వెళ్లాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అడిగినది విశాఖపట్నం కూర్మన్నపాలెంలో ఉంటున్న ఒక తల్లి. భర్తకు స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ, తనకు అచ్యుతాపురం సెజ్‌లో (ప్రత్యేక ఆర్థిక మండలి, అంటే ఫ్యాక్టరీల ప్రాంతంలో) ఉదయం షిఫ్టు. కంపెనీ బస్సు 5:15కే వచ్చేస్తుంది. పాప ఈ జూన్‌లో ఏడో తరగతికి వస్తోంది. బడి గాజువాక దాటాక ఉంది, ఇంటి నుంచి ఐదారు కిలోమీటర్లు, 8:30కి బెల్లు. ఇన్నాళ్లూ పొద్దున్న పాపని అత్తగారు చూసుకునేవారు. ఆవిడ కూతురి పురుటికని శ్రీకాకుళం వైపు సొంతూరు వెళ్లారు, దసరా దాకా రారు. స్కూల్ బస్సు, వీధి పిల్లలు వెళ్లే ఆటో, ఆర్టీసీ బస్సు, సైకిలు, పక్కింటి ఇంటర్ అబ్బాయి స్కూటీ... వీటిలో ఏది మంచిదని అడుగుతున్నారు. స్కూల్ బస్సుకి నెలకు 1,400, ఆటోకి 1,000 అట.

అమ్మా, నేను గాజువాక వైపే ఒక ప్రైవేటు స్కూల్లో చాలా ఏళ్లు బస్సుల వ్యవహారం చూశాను, తర్వాత హెడ్మాస్టరు పని చేసి రిటైరయ్యాను. ఒక్క మాటలో చెప్పమంటే స్కూల్ బస్సు. ఆటో కూడా కొట్టిపారేసేది కాదు, దాని సంగతి తర్వాత చెప్తాను. మిగతా మూడూ మీ ఇంటికి, మీ రోడ్డుకి ఇప్పుడు పనికిరావు.

ఏ బండి భద్రం అని అందరూ అడుగుతారు. నేను తల్లిదండ్రులను ముందు వేరే సంగతి అడిగేవాణ్ణి: ఏదో ఒక రోజు పిల్ల బడికి చేరలేదనుకోండి, ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది, ఎంతసేపటికి తెలుస్తుంది? ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ ప్రశ్నే రాదు. మీ ఇంట్లో 5:20 తర్వాత ఎవరూ ఉండరు కాబట్టి అన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి. పాప మళ్లీ నిద్రపోయి బస్సు తప్పిపోవచ్చు, కడుపునొప్పి అని మంచమెక్కవచ్చు, దారిలో చెప్పు తెగి వెనక్కి రావచ్చు. నూటికి తొంభై సార్లు జరిగేవి ఇలాంటివే. కానీ తెలియడానికి మధ్యాహ్నం రెండయిందంటే ఆ చిన్న విషయమే పెద్దదవుతుంది.

మీ కేసులో అసలు చిక్కు ఫోన్లో ఉంది. పిల్ల రాలేదంటే బడి నుంచి తొమ్మిది, తొమ్మిదిన్నరకల్లా మెసేజ్ వస్తుంది. ఏ నంబరుకి? అడ్మిషన్ ఫారంలో రాసిన తల్లి నంబరుకి. సెజ్‌లో చాలా కంపెనీల్లో లైను మీదికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు, లాకర్లో పెట్టాలి. మీవారు ప్లాంట్‌లో, ఏ షెడ్డులో ఉన్నారో, సిగ్నల్ ఉందో లేదో. అంటే మెసేజ్ వెళ్తుంది, చూసేవాళ్లుండరు. అందుకే బండి తేల్చుకోకముందే మూడో మనిషిని తేల్చుకోండి. ఉదయం ఏడు నుంచి పది దాకా ఫోన్ చేతిలో ఉండి, అవసరమైతే లేచి మీ ఇంటిదాకా వచ్చి తలుపు కొట్టగలిగిన మనిషి కావాలి. మీ మెట్ల కింద పోర్షన్ పిన్ని అయినా, వీధి చివర టైలరింగ్ చేసే అక్క అయినా సరే. ఊరికే 'కాస్త చూడండి' అని వదిలేయకండి. మాట తీసుకుని, ఆవిడ నంబరు బడి ఆఫీసులో మీ నంబరు పక్కన రాయించండి, క్లాస్ టీచరుకి విడిగా ఇవ్వండి. రిజిస్టర్‌లో రెండో నంబరుగా చేర్చమని ఒక చీటీ రాసిస్తే చాలు, ఏ బడీ కాదనదు. మీ కంపెనీలో హెచ్‌ఆర్ వాళ్లదో సూపర్‌వైజర్‌దో ఒక నంబరు అడిగి ఆ పిన్నికివ్వండి, అత్యవసరమైతే కబురు లైనుకి చేరాలి కదా.

ఇక బండ్ల సంగతి.

పక్కింటి అబ్బాయి స్కూటీ వద్దే వద్దు. అబ్బాయి మంచివాడే కావచ్చు, ఊరికే తీసుకెళ్తానన్నాడు కూడా. కానీ ఇంటర్ అంటే పదిహేడు దాటి ఉండడు, లైసెన్సు ఉండదు. గేర్లు లేకపోయినా 50 సీసీ దాటిన బండి నడపాలంటే 18 నిండాలి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 199ఎ అని ఒక సెక్షన్ చేర్చారు. మైనరు బండి నడుపుతూ పట్టుబడితే బండి యజమానికి, తల్లిదండ్రులకు 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషను ఏడాది రద్దు. ఆ అబ్బాయికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. పక్కింటివాళ్లతో సంబంధం చెడకుండా చెప్పాలంటే 'మా ఆయన ఒప్పుకోవట్లేదు' అనేయండి. అందుకే ఉన్నారు మగవాళ్లు.

సైకిలు అంటే నాకు ప్రాణం. మీరు స్టీల్‌ప్లాంట్ వాళ్ల ఉక్కునగరం క్వార్టర్‌లో ఉండి, పాప ఆ టౌన్‌షిప్‌లోనే చదువుతుంటే మారు మాట లేకుండా సైకిలే అనేవాణ్ణి. లోపలి రోడ్లు వెడల్పు, చెట్ల నీడ, లారీల బెడద తక్కువ. కూర్మన్నపాలెం నుంచి గాజువాక దాటాలంటే 16వ నంబరు జాతీయ రహదారి మీదే పోవాలి. పోర్టు లారీలు, ప్లాంటు ట్రెయిలర్లు, ఉద్యోగుల బస్సులు అన్నీ ఆ టైములోనే. సర్వీసు రోడ్డు ఉంది కదా అంటారేమో, అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో, దాని మీద ఎన్ని బండ్లు ఎదురు వస్తాయో మీకు తెలియనిది కాదు. సాయంత్రం వీధిలో తొక్కుకోనివ్వండి.

ఆర్టీసీ బస్సు తొమ్మిదో తరగతి నుంచి ఆలోచించండి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద ఆడపిల్లలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కి డబ్బు కట్టక్కర్లేదు, ఆధార్ చూపిస్తే చాలు, నెలకు 1,400 మిగులుతాయన్నది నిజమే. కానీ బస్సులో ఎక్కినా ఎక్కకపోయినా అడిగేవాళ్లు ఉండరు. నేను మొదట అడిగిన ప్రశ్న దగ్గరే అది తేలిపోతుంది. పైగా ఆ టైముకి జనం కిక్కిరిసి ఉంటారు, వీపున బ్యాగుతో పన్నెండేళ్ల పిల్ల డోరు దాకా తోసుకొచ్చి దిగేలోపు స్టాపు దాటిపోతుంది. మీకు సెలవున్న రోజుల్లో మాత్రం ఆ బస్సెక్కించి తీసుకెళ్లి అలవాటు చేయండి. స్కూల్ బస్సు తప్పిపోయిన రోజు ఏం చేయాలన్నది పాపకు తెలిసి ఉండాలి.

ఇప్పుడు ఆటో. మావాళ్లు చాలామంది ఆటో అనగానే మొహం చిట్లిస్తారు. నేను అలా అనను. వీధిలో పదేళ్లుగా తిరుగుతున్న ఆటో అతను ఇంటి ముందు ఆగి హారన్ కొడతాడు, రాకపోతే పేరు పెట్టి పిలుస్తాడు, అయినా రాకపోతే దిగి గేటు కొడతాడు. నేను అడిగే ప్రశ్నకు నిజానికి స్కూల్ బస్సు కన్నా మంచి జవాబు అదే. బస్సు ఒక నిమిషం ఆగి వెళ్లిపోతుంది.

అయితే ఆ ఆటోని ఒక రోజు 7:45కి నిలబడి చూడండి. పర్మిటు ముగ్గురు ప్రయాణికులకి. వెనక సీటులో నలుగురు, వాళ్లకి ఎదురుగా చెక్క బల్ల వేసి ఇంకో ముగ్గురు, డ్రైవరుకి అటూ ఇటూ ఒక్కొక్కరు, బయట కొక్కేలకి బ్యాగులూ నీళ్ల సీసాలూ. ఇదీ మీకు కనిపించేది అయితే వద్దు. మలుపులో ముందు కూర్చున్న పిల్లే మొదట జారుతుంది. పాప ఏడో తరగతి, పెద్దది, కాబట్టి చిన్నపిల్లలను వెనక సర్ది ఈ పిల్లనే ముందుకు పంపుతారు. ఆడపిల్ల డ్రైవరు పక్కన కూర్చోవడం ఏ విధంగానూ ఒప్పుకోకండి, ఈ సంగతి పాపకు కూడా కచ్చితంగా చెప్పండి. ఇంకోటి, అతను రాని రోజు ఎవరు వస్తారు? 'మా బావమరిది వస్తాడండి' అంటే ఆ బావమరిదిని ముందే చూసి ఉండాలి. మొత్తం పిల్లలు తక్కువ, డ్రైవరు పాతవాడు, వెనక సీటు ఖాయం అయితే ఆటోకి నేను అడ్డు చెప్పను. డబ్బు మిగులుతుందని మాత్రం ఆటో పెట్టకండి. ఆ నాలుగు వందల మిగులు ఆ చెక్క బల్ల వేయడం వల్ల వస్తున్నదే.

స్కూల్ బస్సు దగ్గరికి వద్దాం. 1997లో సుప్రీంకోర్టు పెట్టిన నిబంధనలే ఇప్పటికీ ఆధారం: ముందూ వెనకా 'స్కూల్ బస్' అన్న అక్షరాలు, కిటికీలకు అడ్డ కమ్మీలు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, మంటలార్పే సిలిండరు, వేగం మితిమీరకుండా ఆపే స్పీడ్ గవర్నరు, బస్సు మీద బడి పేరు, ఫోన్ నంబరు, పెద్ద బండ్లు నడపడంలో కనీసం ఐదేళ్ల అనుభవమున్న డ్రైవరు, పిల్లలతో ఒక మనిషి. ఆ ఆఖరిదే మీకు ముఖ్యం. ఆయా ఉందా అని ఆఫీసులో అడిగితే ఉందనే చెప్తారు. పొద్దున్న ట్రిప్పులో నిజంగా బస్సెక్కుతుందా, లేక మధ్యలో ఎక్కడో తన ఇంటి దగ్గర ఎక్కుతుందా? మీ స్టాపు రూటు మొదట్లో ఉంటే ఆయా ఇంకా ఎక్కి ఉండకపోవచ్చు. మా బడిలో ఈ తగాదా ప్రతి జూన్‌లో ఉండేది.

బస్సు నంబరు కేంద్ర రవాణా శాఖవారి ఎంపరివాహన్ యాప్‌లో కొడితే ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు గడువులు కనిపిస్తాయి. మన రాష్ట్రంలో స్కూల్ బస్సుల ఫిట్‌నెస్ ఏటా మే 15తో ముగుస్తుంది. కాబట్టి బడి తెరిచేనాటికి వచ్చే ఏడాది తేదీ కనిపించాలి. పాత తేదీయే ఉంటే బండి ఇంకా రవాణా ఆఫీసుకి వెళ్లలేదని అర్థం. అది మీరు ఆఫీసులో మర్యాదగా అడగవచ్చు, తప్పేమీ లేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, సాయంత్రం దింపే చోటు ఒక ఎత్తు. దాదాపు ఏ తల్లీ తండ్రీ ఈ సంగతి ముందు అడగరు. పొద్దున్న బస్సు గాజువాక వైపు పోతూ మీ ఇంటి వైపు ఆగుతుంది, పాప నేరుగా ఎక్కేస్తుంది, అంతా బాగుంటుంది. సాయంత్రం అదే బస్సు అవతలి రోడ్డు మీద వస్తుంది. దింపేది హైవేకి అవతల. నాలుగున్నరకి బస్సు దిగిన పిల్ల, ఆకలితో, వీపున బరువుతో డివైడర్ సందులోంచి అడ్డంగా పరిగెడుతుంది. అందరూ అక్కడే దాటుతున్నారు కదా అని. బస్సు ఎక్కడం కోసం రెండు నెలలు ఆలోచించిన ఇంట్లో ఈ దాటడం గురించి ఎవరూ ఆలోచించరు. రూటు చార్టు చూసి, సాయంత్రం ట్రిప్పులో బస్సు జంక్షన్ దగ్గర తిరిగి మీ వైపుకి వచ్చి దింపుతుందా అని అడగండి. తిరగదంటే, ఆయా దిగి చేయి పట్టుకుని దాటించాలని రాసివ్వండి. అదీ కుదరదంటే సిగ్నల్ ఉన్న చోటికి స్టాపు మార్పించుకోండి, నాలుగు వందల మీటర్లు ఎక్కువ నడిచినా పర్వాలేదు. ఒకే స్టాపులో నలుగురైదుగురు పిల్లలుంటే ఆ తల్లులంతా కలిసి అడగండి. ఒక్కరు అడిగితే 'చూద్దాం మేడమ్', ఐదుగురు అడిగితే రూటు మారుతుంది. బస్సులు నడిపినవాణ్ణి, నాకు తెలుసు.

ఇంకో మాట. మీవారికి బి షిఫ్టు (మధ్యాహ్నం డ్యూటీ) పడ్డ రోజుల్లో పొద్దున్న ఇంట్లోనే ఉంటారు, సి షిఫ్టు (రాత్రి డ్యూటీ) అయితే ఆరున్నర, ఏడుకల్లా వచ్చేస్తారు. 'ఆ రోజుల్లో నేను బైకు మీద దింపేస్తాలే, పొద్దున్న డ్యూటీ ఉండే ఎ షిఫ్టు వారమే బస్సు' అంటారు. వద్దు. ఒక వారం బస్సు, ఒక వారం బైకు అయితే స్టాపులో పాప లేకపోయినా ఆయాకి అనుమానం రాదు, 'వాళ్ల నాన్న దింపుతాడులే' అనుకుంటుంది. రోజూ ఒకే బండి, ఒకే టైము, ఒకే స్టాపు ఉంటేనే రాని రోజు రాలేదని తెలుస్తుంది. ఆయన ఇంట్లో ఉన్నరోజు పాపతో స్టాపుదాకా నడిచి వెళ్లమనండి. రాత్రంతా ఫర్నేసు దగ్గర నిలబడి వచ్చిన మనిషి హైవే మీద బండి నడపకపోవడమే మంచిది కూడా.

ఇంట్లో ఒంటరిగా గడిపే ఆ రెండు గంటల గురించి మీరు అడగలేదు. నాకు మాత్రం బండి కన్నా అదే టెన్షన్. ఐదింటికి మీరు లేపి, జడలు వేసి వెళ్తే పాప మళ్లీ పడుకుంటుంది, ఏ పిల్లయినా అంతే. జడలే చాలా ఇళ్లలో పెద్ద సమస్య, నవ్వకండి. రెండు జడలు, రిబ్బన్లు ఉండాలని బడి రూలు. తల్లి నాలుగున్నరకి నిద్రలో ఉన్న పిల్లని కూర్చోబెట్టి దువ్వుతుంది, ఆరున్నరకి దిండు మీద ఆ జడలు మళ్లీ చింపిరి అవుతాయి. ఈ వేసవిలోనే పాపకు తన జడ తానే వేసుకోవడం నేర్పండి. ఒంటి జడకి అనుమతి అడిగితే క్లాస్ టీచర్లు సాధారణంగా ఒప్పుకుంటారు, ఇంటి పరిస్థితి చెప్పండి చాలు. అప్పుడు మీరు వెళ్లేటప్పుడు లేపాల్సిన పనే లేదు, పాప ఆరింటికి లేస్తే సరిపోతుంది.

లేపడానికి అలారం కన్నా మీ అత్తగారు నయం. ఆవిడ అంత దూరంలో ఉన్నా నాలుగున్నరకే లేచి ఉంటారు. ఇంట్లో ఒక మామూలు కీప్యాడ్ ఫోన్ పెట్టి, 6:05కి ఆవిడ ఫోన్ చేయాలి, 7:05కి తలుపు తాళం వేసేటప్పుడు పాప ఆవిడకి ఫోన్ చేయాలి అని పెట్టండి. ఫోన్ రాకపోతే ఆవిడ కింద పిన్నికి చేస్తారు. మనవరాలి కోసం ఆ పని ఆవిడ ఒక్క రోజు కూడా మర్చిపోరు. బడిలో ఫోన్ తేనివ్వరు కాబట్టి అది ఇంట్లోనే ఉండిపోతుంది, గొడవ లేదు.

మీరు బయల్దేరేటప్పుడు గ్యాస్ సిలిండరు దగ్గర రెగ్యులేటర్ కట్టేసి వెళ్లండి, టిఫిన్ హాట్ ప్యాక్‌లో పెట్టండి. తాళం చెవి చెప్పుల స్టాండులోనో తులసి కోట పక్కనో పెట్టకండి, ఊరంతా అక్కడే పెడతారు. ఒకటి పాప బ్యాగు లోపలి జేబులో, ఒకటి పిన్ని దగ్గర. వచ్చినవాళ్లు ఎవరైనా సరే, గ్యాస్ అబ్బాయి అయినా, మీ బంధువునని చెప్పినా, తలుపు తీయకుండా 'నాన్న స్నానం చేస్తున్నారు, తర్వాత రండి' అనమనండి. 112 (అత్యవసర సాయం), 1098 (పిల్లల హెల్ప్‌లైన్) రెండూ తలుపు వెనక పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. పన్నెండేళ్లు కాబట్టి బ్యాగులో చిన్న సంచిలో రెండు ప్యాడ్లు, ఒక లోదుస్తు పెట్టి, ఆ సంగతి మీరే ముందు మాట్లాడండి. మొదటిసారి అది బస్సులో జరిగితే పిల్ల ఎవరికీ చెప్పుకోలేదు. ఆయాకి చెప్పవచ్చని మీరు చెప్పి ఉంటే చెప్తుంది.

మీ ఏర్పాటు అంతా బాగా నడుస్తున్నప్పుడు ఏడాదిలో రెండు సార్లు తలకిందులవుతుంది. అక్టోబరు, నవంబరులో తుపాను వస్తే కలెక్టరుగారు సెలవు ప్రకటించేది ఒక్కోసారి రాత్రి పదికి, ఒక్కోసారి పొద్దున్నే. మీరు 5:15కి బస్సెక్కేసరికి తెలియకపోవచ్చు, పాప వానలో స్టాపులో నిలబడి ఉంటుంది. వాయుగుండం అని టీవీలో వినగానే ముందురోజు రాత్రే చెప్పేయండి: పిన్ని సరేనంటేనే గడప దాటాలి. బడి వాట్సాప్ గ్రూపులో పిన్ని నంబరు కూడా చేర్పించండి. రెండోది ఒంటిపూట బడి. మార్చి సగం నుంచి మన దగ్గర 7:45 నుంచి 12:30 దాకా ఉంటుంది, ప్రైవేటు బడులు కూడా ఇంచుమించు అదే పాటిస్తాయి. బస్సు ఆరున్నరకే వస్తుంది, ఒంటిగంటకి మండుటెండలో దింపేస్తుంది. మీరు షిఫ్టు దిగి ఇంటికి చేరేసరికి మూడు. ఆ రెండు గంటలు పాప పిన్ని ఇంట్లో అన్నం తింటుందా, తాళం తీసుకుని ఒక్కతే ఉంటుందా అన్నది ఫిబ్రవరిలోనే మాట్లాడుకోండి. ఆ నెలన్నరకి పిన్నికి ఏదైనా ముట్టచెప్పడం మర్యాద. తీసుకోకపోతే ఉగాదికి చీర పెట్టండి.

మొదటి వారం మీ ఇద్దరిలో ఒకరు రెండు రోజులు సెలవు పెట్టుకోండి. మొదటి రోజు పాపతో స్టాపుకి వెళ్లి ఆయాని, డ్రైవరుని పలకరించి, మీ పరిస్థితి చెప్పండి. 'మా ఇంట్లో పొద్దున్న ఎవరూ ఉండరు' అని బస్సులో అందరి ముందూ కాదు, ఆయాకి విడిగా చెప్పండి. పాప స్టాపులో కనిపించకపోతే కింద పిన్నికి ఒక మిస్డ్ కాల్ ఇవ్వమనండి, నంబరు కాగితం మీద రాసివ్వండి. రెండో రోజు పాపని ఒంటరిగా పంపి, మీరు వీధి మలుపులో నిలబడి చూడండి. తాళం ఎలా వేసింది, ఏ వైపు నుంచి నడిచింది, బస్సు రాకముందే రోడ్డు అంచుకి వెళ్లిందా అన్నవి ఇంట్లో అడిగితే తెలియవు.

ఇక అత్తగారు దసరాకి వస్తారన్నారు. రాగానే బస్సు మాన్పించేయాలని మీకు అనిపిస్తుంది, నెలకు 1,400 కదా. ఏడాది మధ్యలో సీటు వదిలేస్తే ఆ స్టాపులో వేరే పిల్లకి ఇచ్చేస్తారు, ఆవిడ మళ్లీ ఏ సంక్రాంతికో ఊరెళ్తే దొరకదు. మార్చి దాకా బస్సు ఉంచుకోండి. అత్తగారిని స్టాపుదాకా తోడు వెళ్లమనండి, సాయంత్రం దాటించేది ఆవిడే అవుతారు.